ఎవరి ఒత్తిడికీ లోనుకాకుండా

హనుమకొండ కోర్టు ఆవరణలో స్వరూప వకీలు గొంతు ఎరగనివాళ్లు లేరు. పైఅంతస్తులో ఆమె వాదిస్తుంటే కింద టీ తాగేవాళ్లకు కేసు పూర్వాపరాలన్నీ పూసగుచ్చినట్టు తెలిసిపోయేవి. జడ్జీలు మారారు, భవనం మారింది, కాగితాల పక్కన తెరలు వచ్చాయి, ఆ గొంతు మాత్రం అలాగే ఉంది. చిత్రమేమిటంటే ఆమె జీవితమంతా చేసిన పనిలో అరుపులకు పెద్దగా చోటే లేదు. ఆమె వీలునామాలు రాసేది. మంచాన పడ్డ పెద్దవాళ్ల ఆస్తులకు ఏర్పాట్లు, తమ పనులు తాము చూసుకోలేని పిల్లలకు సంరక్షకుల నియామకాలు, కన్నవాళ్లు పోయాక ఆ పిల్లల నోటికి అన్నం అందేలా ట్రస్టులు. ఏది రాసినా అందులో ఒక వాక్యం తప్పదు: "నేను పూర్తి తెలివితో, స్వస్థచిత్తంతో, ఎవరి ఒత్తిడికీ ప్రలోభానికీ లోనుకాకుండా రాయించినది." నిద్రలో లేపి అడిగినా ఆ ముక్క తడుముకోకుండా చెప్పేది.

ఊరందరికీ రాసిపెట్టిన మనిషి తన ఇంటి సంగతి వచ్చేసరికి ఏళ్ల తరబడి తప్పించుకు తిరిగింది. ఇంట్లో ఉన్నది ఇద్దరే, తనూ తమ్ముడు శ్రీశైలమూ. అతనికి యాభై దాటాయి. వయసు దాని దారిన అది నడిచిపోయింది గానీ బుద్ధి మాత్రం ఎనిమిదో ఏటి దగ్గరే నిలిచిపోయింది. సర్టిఫికెట్లో దానికి పెద్ద పేరే రాశారు. ఆ పేరు తన గుమ్మం లోపల ఎవరు పలికినా స్వరూప ఊరుకునేది కాదు. అమ్మ పోయేటప్పుడు తమ్ముడి చెయ్యి తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. అప్పటినుంచి పెళ్లి మాట ఎత్తినవాళ్లందరికీ ఆమె కోర్టు గొంతుతోనే జవాబు చెప్పింది.

ఇప్పుడు ఆ చేతికే వణుకు వచ్చింది. మొదట టీ కప్పు వణికింది, తరవాత సంతకం వణికింది. ఒకరోజు ఎదురుగా కూర్చున్న కక్షిదారు పేరు నాలుక చివరదాకా వచ్చి ఆగిపోయింది. డాక్టరు మెల్లగా చెప్పాడు, వణుకు ముందు చేతుల్లోకి వస్తుందనీ ఆ తరవాత జ్ఞాపకంలోకి వెళ్తుందనీ. ఎప్పుడని ఆమె అడిగితే ఎవరమూ చెప్పలేమన్నాడు. అంటే తెలివి ఉండగానే తమ్ముడికి ఒక దారి చూపించాలి. తెలివి పోయాక రాసిన కాగితం చిత్తుకాగితమని ఆమెకు వేరే చెప్పాల్సిన పనిలేదు. దారి చూపించకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. దిక్కులేనివాళ్ల వసతిగృహాన్ని తనిఖీ చేయడానికి ఒకసారి కోర్టు ఆమెను పంపింది. శుభ్రంగా ఉంది, తిండి బాగుంది. పొడుగాటి హాల్లో పెద్దపెద్ద మగవాళ్లు వరసగా కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఎవరైనా ఏదైనా చెప్తారేమోనని చూస్తున్నారు. ఆమె రిపోర్టులో రాయడానికి ఒక్క తప్పూ దొరకలేదు. ఇంటికొచ్చి మాత్రం రెండు రోజులు అన్నం తినలేకపోయింది.

అందుకే మారుమతిని, అంటే మనిషి బదులు ఆ మనిషిలాగే నిర్ణయాలు తీసుకునే యంత్రాన్ని, తయారుచేసే ప్రయోగశాలకు వెళ్లింది. అలాంటి యంత్రం సంరక్షకుడిగా చెల్లుతుందనే చట్టం రూపుదిద్దుకునేటప్పుడు సలహా చెప్పినవాళ్లలో తనూ ఉంది కాబట్టి అక్కడ ఆమెకు మర్యాద ఎక్కువ. ప్రయోగశాల పెద్ద డాక్టర్ హరిణి, విజయవాడ అమ్మాయి, ఆమె తలకు మెత్తటి పట్టీ ఒకటి చుట్టి ఎదురుగా కూర్చునేది.

"మీ తమ్ముడుగారికి జ్వరం మేడం. పక్కింట్లో పెళ్లికి వెళ్తానంటున్నారు. పంపుతారా?"

"జ్వరం ఎంతున్నది?"

"కొద్దిగానే."

"కొద్దిగున్నా జ్వరం జ్వరమే. వద్దంట, ఇంట్లనే పండుకొమ్మంట."

హరిణి తెర మీద సన్నని గీత కదిలేది. ఇలా వారాల తరబడి వందల ప్రశ్నలు. తిండి, మందులు, స్నేహితులు, డబ్బు, ఆసుపత్రి. స్వరూప ఎటు మొగ్గుతుందో, ఎందుకు మొగ్గుతుందో ఆ పట్టీ పట్టుకునేది. ఇంట్లో ఉన్నప్పుడు కూడా పెట్టుకుని తిరగమన్నారు. చివరికి ఆ మొగ్గు అంతా ఒక డబ్బాలోకి వెళ్తుంది. ఆమె పోయాక కూడా ఆమెలాగే ఆలోచించి, ఆమె గొంతుతోనే చెప్పి, చట్టప్రకారం శ్రీశైలానికి పెద్దదిక్కుగా ఉంటుంది. ఆస్తి మీద, వైద్యం మీద, రోజువారీ బతుకు మీద దాని మాటే చెల్లుతుంది. మనుషుల్లా ఆస్తి మింగదు, విసుక్కోదు, చచ్చిపోదు.

ఒక్కోసారి ప్రశ్న వినగానే స్వరూప ముఖం ఎర్రబడేది. తెర మీద గీత కూడా ఎర్రగా మారేది. అప్పుడు హరిణి చెయ్యెత్తేది.

"ఇది లెక్కలోకి రాదు మేడం. ఉద్వేగంలో చెప్పిన జవాబు. మంచినీళ్లు తాగండి, మళ్లీ అడుగుతాను."

"తెలుసు. గా రూలు రాసింది నేనే కద" అని నవ్వేది స్వరూప. నిజమే, ఆ వడపోత ఆమె చేతిరాతే. కోపంలో, భయంలో, ఒకరి ఒత్తిడిలో తీసుకున్న నిర్ణయం మారుమతిలోకి పోకూడదని ఆమె పట్టుబట్టి చేర్పించింది. వీలునామాకు వర్తించేది దీనికి మాత్రం ఎందుకు వర్తించదని వాదించి గెలిచింది. అప్పట్లో ఆమె వాదనకు అందరూ బల్లలు చరిచారు.

ఇక మిగిలింది పరీక్ష. డబ్బాను ఇంట్లో పెట్టి, ఆమె బయటికి వెళ్లిపోవాలి. నెలరోజుల పాటు ఇంటిని డబ్బాయే నడపాలి. వంట చేసే రజియా అది చెప్పినట్టు చేయాలి. స్వరూప ప్రయోగశాల అతిథిగదిలో ఉండి తెరలో చూడవచ్చు గానీ నోరు విప్పకూడదు. ఆ తరవాత జిల్లా కమిటీ కూర్చుని ముద్ర వేస్తుంది. ఆ కమిటీ ముందు ఆమె స్వస్థచిత్తంతో ఉన్నట్టు డాక్టరు సర్టిఫికెట్ ఉండాలి. ఉన్న సర్టిఫికెట్ గడువు ఆ నెలతోనే సరి. మళ్లీ పరీక్ష చేస్తే ఇస్తారో ఇవ్వరో ఆమెకే నమ్మకం లేదు.

వెళ్లే రోజు పొద్దున శ్రీశైలం గుమ్మంలో అడ్డంగా కూర్చున్నాడు.

"నేను గూడ వస్త."

"వద్దు తమ్మీ. కొన్ని రోజులే. ఇగో, అక్క ఇంట్లనే ఉంటది" అని బల్ల మీది డబ్బాను చూపించింది.

డబ్బా మెత్తగా నవ్వింది. "రా తమ్మీ, ఉప్మా చల్లారిపోతున్నది."

శ్రీశైలం దాన్ని చూశాడు, అక్కను చూశాడు, మళ్లీ దాన్ని చూశాడు. లేచి లోపలికి పోయాడు. అంత తేలిగ్గా లేస్తాడనుకోలేదు స్వరూప. ఆటో మలుపు తిరిగేదాకా ఖాళీ గుమ్మం వైపే చూసింది.

మొదటి వారం ఆమె సిగ్గుతో చచ్చిపోయింది. డబ్బా తనకంటే మంచిది మరి. శ్రీశైలానికి ఒక అలవాటుంది, సమాధానం తెలిసిన ప్రశ్ననే మళ్లీమళ్లీ అడుగుతాడు. ఈరోజు ఆదివారమా, రజియా ఎప్పుడొస్తది, వాన పడ్తదా. మూడోసారికి స్వరూప విసుక్కునేది, ఐదోసారికి ఇల్లు ఎగిరిపోయేది. డబ్బా ఎన్నిసార్లయినా అదే ప్రేమతో, అప్పుడే విన్నట్టు చెప్తోంది. మందులు వేళకు పడుతున్నాయి. షుగరు తగ్గింది. ఇన్నేళ్లూ ఈపాటి ఓపిక నాకెందుకు లేకపోయిందని ఆమె తెర ముందు కూర్చుని కళ్లు తుడుచుకుంది.

"మీ మంచితనమే కదా మేడం అది" అంది హరిణి. "మీ దగ్గర్నించి తీసుకున్నదే. అలసట, విసుగు తీసేస్తే మీరు అలా ఉంటారు."

ఆ మాటకు స్వరూప పొంగిపోయింది. ఆ తరవాత ఈర్ష్య మొదలైంది. శ్రీశైలం డబ్బాను అక్కా అని పిలుస్తున్నాడు, దాని పక్కనే కూర్చుని తింటున్నాడు. తనకోసం ఒక్కసారైనా అడుగుతాడేమోనని తెర ముందు కాపలా కాసింది. అడగలేదు. ఎందుకడుగుతాడు, అక్క ఇంట్లోనే ఉందాయె.

రెండో వారంలో వానలు పట్టుకున్నాయి. శ్రీశైలానికి ఒక ఉద్యోగం ఉంది. కోర్టు దారిలో జిరాక్సు దుకాణంలో కాగితాలకు పిన్నులు కొడతాడు. దుకాణంవాడు ఇచ్చే జీతం టీ ఖర్చులకే సరిపోతుంది గానీ ఆ పిన్నుల మిషను పట్టుకుని కూర్చున్నప్పుడు శ్రీశైలం ముఖం జిల్లా జడ్జి ముఖంలా ఉంటుంది. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని డబ్బా ముందు నిలబడ్డాడు.

"దుకాణం పోత అక్కా."

"వాన పడ్తున్నది తమ్మీ. జలుబు చేస్తది. రేపు పోదువు."

రేపు కూడా వాన. ఎల్లుండి వాన తగ్గింది గానీ దారిలో నీళ్లు నిలిచాయి. ఆ తరవాత రోజు నీళ్లు పోయాయి గానీ అప్పటికే అతనికి కాస్త దగ్గు. ప్రతిరోజూ డబ్బా చెప్పిన కారణం న్యాయమైనదే. ఎవరైనా వకీలును పెట్టుకుని వాదించినా అందులో తప్పు పట్టలేరు. ప్రశాంతంగా కూర్చుని ఆలోచిస్తే స్వరూప కూడా అదే అనేది.

ఐదోరోజు శ్రీశైలం అన్నం కంచం బోర్లించి చెంచాతో కొట్టడం మొదలుపెట్టాడు. ఠంగ్ ఠంగుమని ఇల్లంతా మోత. రజియా వంటింట్లోంచి తొంగిచూసి తలుపు దగ్గరగా వేసుకుంది. శ్రీశైలం కొడుతూ కొడుతూ మధ్యలో ఆపి డబ్బా వైపు తల వంచి చూస్తాడు. మళ్లీ కొడతాడు. మళ్లీ ఆపి చూస్తాడు. స్వరూపకు ఆ చూపు బాగా ఎరుక. ఆటలో తన వంతు అయిపోయి, ఎదుటివాళ్ల వంతు కోసం ఎదురుచూసే పిల్లవాడి చూపు అది.

"మెల్లగ తమ్మీ" అంది డబ్బా. "చెయ్యి నొస్తది."

శ్రీశైలం ఇంకా గట్టిగా కొట్టాడు.

"చెయ్యి నొస్తది తమ్మీ" అంది డబ్బా, అదే గొంతుతో, అంతే ప్రేమగా.

తెర ముందు కూర్చున్న స్వరూపకు చెవులు హోరెత్తాయి. నోరు విప్పకూడదన్న నిబంధన గుర్తురాలేదు. "ఏందిర ఆ లొల్లి! నీకు సమజైతలేదా? పొద్దటిసంది నా పానం తీస్తున్నవ్!" అని గది అదిరిపోయేలా అరిచింది. అరిచిన ఊపులోనే, ఊపిరి కూడా తీసుకోకుండా, తరవాతి మాట దానంతట అదే నోట్లోంచి వచ్చింది. "సరే పో! పోయి ఆ పిన్నులే కొట్టుకో! గొడుగు తీస్కపో!"

తన మాట తనే విని ఆమె కొయ్యబారిపోయింది.

తెరలో శ్రీశైలం చెంచా కింద పెట్టాడు. ఇంకొంచెం సేపు చెవి వంచి చూశాడు. ఏమీ రాలేదు. కంచం కడిగి స్టాండులో పెట్టి, చొక్కా విప్పి మడత పెట్టి, మంచం మీద కూర్చున్నాడు. చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

హరిణి పరుగున వచ్చింది. స్వరూప ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. చెప్పాల్సిన మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. జిరాక్సు దుకాణంల పని ఎట్ల వచ్చిందనుకున్నవ్, వాడు ఇంటి ముందు మూడు రోజులు అలిగి కూసుంటే వచ్చింది. సైకిల్ ఎట్ల నేర్చుకున్నడు? నేను వద్దని మొత్తుకుంటే నేర్చుకున్నడు. మీసం పెంచుకున్నా, కుక్కపిల్లను తెచ్చుకున్నా, మేడారం జాతరకు పోయొచ్చినా ఒక్కటి కూడా నేను మంచిగ ఉన్నప్పుడు ఇచ్చింది కాదు. వాడు సతాయిస్తడు, నేను అరుస్త, అరిచినంక నా మీద నాకే పాపమనిపిస్తది, పో అంట. వాని బతుకుల ఉన్న సంతోషమంత గట్లనే వచ్చింది.

"మంచిగున్నప్పుడు నాకు భయమే ఉంటది హరిణీ. వానికేమైతదో అని భయం. అందుకే వద్దంట. కోపమొస్తేనే భయం పోతది. గా కోపం ఏది? డబ్బాల ఏది?"

హరిణి తెర మీద జాబితా తెరిచి చూపించింది. "వడపోతలో పోయింది మేడం. ఇంట్లో రికార్డయిన గొడవలన్నీ తీసేశాం. నిర్ణయం ఒత్తిడిలో తీసుకున్నారు కదా."

"ఎవరి ఒత్తిడి? వాని ఒత్తిడే కద! వాని బతుకు మీద వాడు గాకపోతే ఇంకెవరు ఒత్తిడి జెయ్యాలె?"

"మీరు రాసిందే మేడం" అంది హరిణి, అనకూడని మాట అంటున్నట్టు. "ఎవరి ఒత్తిడీ అని ఉంది. తమ్ముడుగారిది తప్ప అని లేదు."

స్వరూప కుర్చీలో కూలబడింది. ఆ వాక్యం ఎంతమంది పేరున రాసిందో, ఎంతమంది ముసలివాళ్ల చేత చదివించిందో. భూమి కోసం తండ్రి గొంతు మీద కూర్చునే కొడుకుల నుంచి కాపాడటానికి పుట్టిన మాట అది. మంచి మాటే. దాన్ని తీసుకొచ్చి, కంచం కొట్టడం తప్ప వేరే ఆయుధం లేని మనిషి మీద తనే పెట్టింది.

"తిరిగి పెట్టు. నా తిట్లన్ని మళ్ల పెట్టు."

"పెట్టగలను మేడం, అదేం కష్టం కాదు. కానీ అది స్వస్థచిత్తం కిందికి రాదు. కమిటీ ఒప్పుకోదు. రూలు మార్చాలంటే ఏళ్లు పడుతుంది. మీ సర్టిఫికెట్..." అని ఆగిపోయింది.

మిగతా రోజులు స్వరూప గదిలో అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. మందులు వేసుకుంటే చెయ్యి నిలబడుతోంది గానీ మనసు నిలబడటం లేదు. పరీక్ష ఆపేస్తే తమ్ముడికి ఏ ఏర్పాటూ లేదు. దూరపు చుట్టాలున్నారు, వాళ్లకు ఇంటి మీద ప్రేమే గానీ ఇంట్లో మనిషి మీద కాదు. డబ్బాకు ముద్ర పడితే కడుపు నిండా తిండి, వేళకు మందు, ప్రేమగా మాట. ఇంతకంటే ఏం కావాలని తనను తనే అడిగేది. మళ్లీ తెర వైపు చూసేది. శ్రీశైలం ఏమీ అడగడం లేదు. ఆదివారమా అని కూడా అడగడం లేదు. హరిణి దగ్గరికి రోజూ వచ్చే నివేదికలో ఇంట్లో ఘర్షణలు లేవనీ ఫలితం అద్భుతమనీ ఉంది.

కమిటీ జిల్లా కలెక్టరు కార్యాలయంలో కూర్చుంది. అధ్యక్షురాలు నిమ్మళంగా మాట్లాడే పెద్దమనిషి. పక్కన ఒక డాక్టరు, ఒక న్యాయాధికారి. బల్ల మీద డబ్బా. శ్రీశైలం ఇస్త్రీ చొక్కాలో అక్క పక్కన కూర్చున్నాడు. నెల తరవాత ఆమెను చూసి నవ్వాడు గానీ, ఏం తెచ్చినవని అడగలేదు. అడిగితే ఇవ్వడానికి ఆమె సంచీలో కొత్త చేతిగడియారం పెట్టుకుంది. దాన్ని బయటికి తీయబుద్ధి కాలేదు.

"ఇంత మంచి ఫలితం మేం ఇంతవరకూ చూడలేదు స్వరూపగారూ" అంది అధ్యక్షురాలు. శ్రీశైలం వైపు తిరిగింది. "మీకు ఈ ఏర్పాటు ఇష్టమేనా?"

"సరే."

"మీకేమైనా కావాలా?"

"ఏమొద్దు."

బంట్రోతు టీలు, బిస్కెట్లు పెట్టాడు. శ్రీశైలం చెయ్యి ప్లేటు దాకా వెళ్లింది. "షుగర్ ఉన్నది కద తమ్మీ" అంది డబ్బా లాలనగా. చెయ్యి వెనక్కి వచ్చి ఒళ్లో పడుకుంది. అధ్యక్షురాలు డాక్టరు వైపు చూసి మెచ్చుకోలుగా తల ఊపింది.

"తీస్కో శైలం" అంది స్వరూప. "ఒక్కటి తింటే ఏం గాదు."

అతను ఆమె వైపు చూడలేదు. డబ్బా వైపు చూశాడు.

"అడుగురా. కావాలని అడుగు. లొల్లి జెయ్యి!"

"వద్దక్కా" అన్నాడు శ్రీశైలం. "ఊకో."

ఆ తమ్ముడు ఆమెకు పరాయిగా కనిపించాడు. అలా కూర్చోవడం ఎక్కడ చూసిందో వెంటనే గుర్తొచ్చింది. ఆ వసతిగృహం పొడుగాటి హాల్లో వరసలో కూర్చున్న ఏ మనిషైనా ఇతనే కావచ్చు. స్వరూప లేచి నిలబడింది. గొంతు పైకి లేచింది, కిటికీ బయట నడుస్తున్నవాళ్లు ఆగి చూశారు.

"నేను సంతకం పెడ్తలేను. నాకీ డబ్బా వద్దు."

డాక్టరు కంగారుగా ముందుకు వంగాడు. "మేడం, మీరిప్పుడు ఉద్వేగంలో ఉన్నారు. ఈ స్థితిలో తీసుకున్న నిర్ణయం..."

"చెల్లదు. తెలుసు సార్. సంతకం పెట్టాల్నంటే స్వస్థచిత్తం కావాలె. పెట్టకుండ ఉండనీకి ఏ చిత్తం అక్కర లేదు. రూలు నేనే రాసిన."

న్యాయాధికారి నవ్వు ఆపుకోవడానికి టీ కప్పు ఎత్తుకున్నాడు. అధ్యక్షురాలు మాత్రం నవ్వలేదు. నిజమైన బాధతోనే అడిగింది. "మరి మీ తరవాత ఎవరు? మీ ఆరోగ్యం సంగతి మాకు తెలుసు. ఈ అవకాశం మళ్లీ రాకపోవచ్చు."

"తెల్వది మేడం" అంది స్వరూప. చెయ్యి గట్టిగా వణుకుతోంది, దాచుకోలేదు. "వీనితోని కొట్లాడెటోళ్లను దేవులాడుత. జిరాక్సు దుకాణంల ఉన్నరో, బస్తీల ఉన్నరో. వద్దని మొత్తుకోవాలె, మళ్ల పో అనాలె. గసోంటోళ్లు నలుగురు దొరికితే నలుగురి పేరున రాస్త. అప్పటిదాక నాకు తెలివుంటే వస్త. లేకపోతే వాడే వస్తడు, మీ బల్ల మీద చెంచాతోని కొడ్తడు. తలుపు తియ్యిండ్రి."

తమ్ముడి చెయ్యి పట్టుకుని బయటికి వచ్చింది. వరండా దాటి మెట్లు దిగసాగింది. ఏం చేశానని భయం అప్పుడే మొదలైంది. ఎవరు దొరుకుతారు, ఎన్నాళ్లలో దొరుకుతారు, ఈలోగా తల పని చేయడం మానేస్తే? అడుగులో అడుగు వేస్తూ వచ్చిన శ్రీశైలం సగం మెట్ల మీద ఆగిపోయాడు.

"రా తమ్మీ, పోదాం."

"రాను."

ఆమె వెనక్కి తిరిగింది. సరిగా విన్నానో లేదో అనుకుంది.

"రాను" అన్నాడు శ్రీశైలం మళ్లీ. చెయ్యి విదిలించుకున్నాడు. "అక్క లోపలున్నది."

స్వరూప ఒక మెట్టు పైకి ఎక్కింది. "అక్కను నేను. అది డబ్బా."

"గా అక్క గూడ కావాలె."

"వద్దురా. అది నిన్ను దుకాణం పోనియ్యలేదు. యాదికున్నదా?"

"కావాలె!"

"వద్దంటున్న కద!"

"కావాలె! కావాలె!" కాలితో మెట్టును తన్నాడు. కార్యాలయానికి వచ్చిపోయేవాళ్లు పక్కకు తప్పుకుంటున్నారు. అతని ముఖం ఎర్రబడింది, మీసం అదురుతోంది. నెలరోజులుగా మూతపడ్డ గొంతు బొంగురుగా, వికారంగా, ఆకాశమంత ఎత్తున లేచింది. "నాకు నా అక్క కావాలె!"

"నేను సచ్చిపోయిన అనుకున్నవార?" స్వరూప అంతకంటే గట్టిగా అరిచింది. "నిన్ను పెంచింది ఎవర్రా? నా పానం పెట్టి జూసుకుంటే నీకు డబ్బా అక్కనా? సిగ్గు లేదార నీకు? నడువు ఇంటికి!"

"నడవ!"

"నడువు!"

"నడవ!"

ఇద్దరూ రొప్పుతూ నిలబడ్డారు. శ్రీశైలం తల కాస్త పక్కకు వంచి ఆమెనే చూస్తున్నాడు, చెవి ఇటు పెట్టి. కన్నీళ్లు ఎప్పుడు మొదలయ్యాయో ఆమెకు తెలియలేదు. వద్దనడానికి వంద న్యాయమైన కారణాలు గొంతులోనే ఉన్నాయి.

"సరే పో!" అంది. "పోయి తెచ్చుకో పో! ఇంట్ల ఒక మూలకు ఉంటది. నీకు పెద్దరికం మాత్రం జెయ్యది, చెప్తున్న."

మాట పూర్తికాకముందే అతను రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి పరుగెత్తాడు. తలుపు దగ్గర బంట్రోతు అడ్డుపడ్డాడు. సామాను ముట్టుకోవద్దన్నాడు, అర్జీ పెట్టుకోమన్నాడు. అది నాది అన్నాడు శ్రీశైలం. బంట్రోతు కసిరాడు. శ్రీశైలం తలుపు మీద చేత్తో దబదబా బాదడం మొదలుపెట్టాడు.

స్వరూప పైకి వెళ్లలేదు. వణికే చేతిని మోకాలి కింద అదిమి పెట్టుకుని మెట్టు మీద కూర్చుంది. ఆ గొంతు ఇంకా పెరగాలని వింటోంది.